మాట వెనక మాట: 'మెస్' అంటే భోజనమా, చెత్తా?

ఇంగ్లీషులో 'మెస్' అని ఒక బుల్లి మాట ఉంది. దాన్ని మనం ఎంతగా సొంతం చేసేసుకున్నామంటే, ఎవరైనా చెబితే తప్ప అది ఇంగ్లీషని గుర్తుకే రాదు. "మెస్ బిల్లు కట్టాలి, డబ్బులు పంపు నాన్నా" అని హాస్టల్ నుంచి పిల్లాడు ఫోన్ చేస్తాడు. "ఆ సందు చివరి మెస్‌లో పప్పుచారు బ్రహ్మాండంగా ఉంటుందోయ్" అని ఆఫీసు నుంచి వచ్చిన శ్రీవారు చెబుతారు (ఇంట్లో పప్పుచారు సంగతి మాత్రం ఎత్తరు!). సెలవులకి వచ్చిన అమ్మాయి చెప్పులు విప్పీ విప్పకుండానే వంటింట్లోకి తొంగి చూసి, "ఏంటమ్మా, ఇంత మెస్సీగా ఉంది?" అంటుంది.

మొదటి రెండు చోట్లా మెస్ అంటే భోజనం. మూడో చోట చెత్త, గందరగోళం. ఒకే మాటకి ఇంత తేడాగల అర్థాలు ఎలా వచ్చాయి? ఇవి రెండు వేరువేరు మాటలు, పలకడానికి మాత్రం ఒకేలా ఉన్నాయని చాలామంది అనుకుంటారు. కాదు. రెండూ ఒకటే. ఒక తల్లి బిడ్డలు కూడా కాదు, అసలు ఒకే బిడ్డ. చిన్నప్పుడు మంచి పేరుతో పెరిగి, పెద్దయ్యాక చెడ్డపేరు తెచ్చుకుందంతే.

ఈ వారం ఈ మాటే ఎత్తుకోవడానికి కారణం ఒక ఉత్తరం. కృష్ణా జిల్లా నుంచి ఒక సోదరి రాశారు. వాళ్ళాయన వ్యాపారం దెబ్బతిన్నాక ఆవిడ ఇంట్లోనే వండి, దగ్గర్లో ఉన్న ఆఫీసులకి మధ్యాహ్నం క్యారేజీలు పంపుతున్నారట. నాలుగుతో మొదలుపెడితే ఇప్పుడు ఇరవై దాటాయట. ముందు గది ఖాళీ చేసి రెండు బల్లలు వేసి, 'హోమ్ మెస్' అని బోర్డు పెడదామనుకున్నారు. ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు అడ్డుపడింది. "మెస్ అంటే ఇంగ్లీషులో చెత్త అమ్మా! నా ఫ్రెండ్స్ చూస్తే నవ్వుతారు. ఇంటి ముందు చెత్త అని రాసుకుంటామా?" అందట. ఆవిడ ఉత్తరం చివర రాసిన మాట నన్ను పట్టేసింది. "బోర్డు సంగతి పోనివ్వండి. నేను చేసే పనినే అది చెత్త అన్నట్టుగా వినిపించిందండీ" అన్నారు.

అందుకని ఆ అమ్మాయి కూడా చదువుతుందన్న ఆశతో, ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు కాస్త వివరంగానే చెబుతాను.

లాటిన్‌లో 'మిత్తెరె' అని ఒక క్రియ ఉంది. పంపడం, పెట్టడం అని అర్థం. దాని నుంచి పుట్టిన 'మిస్సుస్' అంటే వంటింట్లోంచి భోజనబల్ల మీదికి పంపినది, అంటే వడ్డించినది అన్నమాట. పాత ఫ్రెంచిలో అది 'మెస్' అయింది. ఫ్రాన్సు వాళ్ళు ఇప్పటికీ వంటకాన్ని 'మె' అంటారు, రాసేటప్పుడు మాత్రం చివర రెండక్షరాలు అదనంగా తగిలిస్తారు. ఆ మాట ఇంగ్లీషులోకి వచ్చేసరికి సుమారు 1300వ సంవత్సరం. అప్పట్లో 'మెస్' అంటే ఒక వంటకం, ఒక వడ్డన, ఒక మనిషి వాటాకి వచ్చిన భోజనం. అందులో చెత్త వాసన ఏ కోశానా లేదు.

ఇంతకీ ఈ 'మిత్తెరె' సంతానం ఎంత పెద్దదనుకున్నారు! ఫోనులో వచ్చే 'మెసేజ్' దీనికి దగ్గర చుట్టం, అదీ పంపేదే కదా. 'మిషనరీ' అంటే పంపబడినవాడు. 'మిస్సైల్' పంపే ఆయుధం. 'పర్మిషన్', 'అడ్మిషన్', 'కమిటీ', 'ప్రామిస్' అన్నీ ఈ ఇంటి పిల్లలే. 'క్రిస్మస్' చివర ఉన్న 'మస్' కూడా, చర్చిలో ప్రార్థన ముగిశాక జనాన్ని ఇళ్ళకి పంపేటప్పుడు అనే లాటిన్ మాట నుంచి వచ్చిందే. 'మిస్డ్ కాల్' మాత్రం వీళ్ళ బంధువు కాదు. దాని ఊరు వేరు, పేరు వేరు.

బైబిలు చదివే సోదరీమణులకి ఏశావు కథ తెలుసు. ఆకలితో వచ్చిన అన్న, తమ్ముడు యాకోబు వండిన కూర కోసం తన జ్యేష్ఠత్వాన్నే అమ్ముకుంటాడు. ఇంగ్లీషువాళ్ళ బైబిల్లో అది పప్పుధాన్యంతో చేసిన వంటకం. మన తెలుగు బైబిల్లో చిక్కుడుకాయల వంటకం అయింది. అల్పమైన దానికోసం గొప్పదాన్ని వదులుకున్న వాణ్ణి ఇంగ్లీషులో 'మెస్' కోసం అమ్ముకున్నాడంటారు. తమాషా ఏమిటంటే, ఆ వాడుక 1611లో అచ్చయిన ప్రసిద్ధ ఇంగ్లీషు బైబిలు కథలో లేదు. అంతకు ముందరి బైబిళ్ళలో అధ్యాయం మీద వేసిన శీర్షికల్లోంచి జనం నోళ్ళకెక్కింది. 1611 బైబిల్లో 'మెస్' వేరే చోట కనిపిస్తుంది. ఐగుప్తులో యోసేపు తన అన్నదమ్ములకి భోజనం పెడుతూ, చిన్న తమ్ముడు బెన్యామీనుకి మిగతావాళ్ళ కంటే అయిదు రెట్లు ఎక్కువ వడ్డింపజేస్తాడే, ఆ వడ్డన పేరు అక్కడ 'మెస్'. ప్రేమతో పెట్టిన వాటా!

తర్వాత ఈ మాట విస్తట్లోంచి పంక్తిలోకి జరిగింది. పాతకాలపు ఇంగ్లండులో విందుల్లో ఒక్కొక్కరికీ విడివిడిగా వడ్డించేవాళ్ళు కాదు. నలుగురి చొప్పున కూర్చోబెట్టి, ఆ నలుగురికీ కలిపి ఒకే పళ్ళెంలో పెట్టేవాళ్ళు. అలా కలిసి తినే నలుగురినీ కలిపి 'మెస్' అన్నారు. ఆ లెక్కన మెస్ అంటే 'నలుగురు' అనే అర్థం కూడా వచ్చింది. షేక్‌స్పియర్ నాటకంలో ఒక రాణి, తన శత్రువుకున్న నలుగురు కొడుకులనీ ఎద్దేవా చేస్తూ 'నీ కొడుకుల మెస్' అంటుంది. ఈనాటి ఇంగ్లీషు మాత్రమే వచ్చినవాళ్ళు అక్కడ 'చెత్త కొడుకులు' అనుకునే ప్రమాదం ఉంది సుమండీ!

నలుగురి పంక్తి అంటే గాంధీగారు గుర్తొస్తారు. ఆయన బారిస్టరు చదవడానికి 1888లో లండన్ వెళ్ళారు. అక్కడ బారిస్టరు కావాలంటే పరీక్షలు పాసయితే చాలదు. న్యాయవాదుల విద్యాలయంలో ఇన్ని విందు భోజనాలకి హాజరవ్వాలని లెక్క ఉండేది. తినకపోయినా ఫరవాలేదు, పంక్తిలో కూర్చోవాలి. అక్కడ కూర్చోవడం నలుగురేసి చొప్పున. ఒక్కో నలుగురికి రెండేసి సీసాల ద్రాక్షసారా ఇచ్చేవారు. గాంధీగారు సారా ముట్టరు కదా! అంచేత ఆయన ఏ పంక్తిలో కూర్చుంటే ఆ పంక్తిలో మిగతా ముగ్గురికీ రెండు సీసాలూ దక్కేవి. 'మా పంక్తిలోకి రా' అంటే 'మా పంక్తిలోకి రా' అని ఆయన కోసం పోటీ పడేవాళ్ళట. ఈ సంగతి ఆయనే ఆత్మకథలో సరదాగా రాసుకున్నారు. శాకాహారి కనక తను బంగాళాదుంప, క్యాబేజీ, రొట్టెతో సరిపెట్టుకునేవారు. 1891 జూన్‌లో పట్టా పుచ్చుకుని వచ్చేశారు.

ఓడల్లో నావికులు, సైన్యంలో సిపాయీలు కూడా ఇలాగే జట్లు జట్లుగా కలిసి తినేవారు. ఆ జట్టుకి మెస్ అని పేరు. తర్వాత ఆ జట్టు తినే చోటుకి కూడా అదే పేరు. ఇంగ్లీషు సైన్యంతోపాటు ఆ మాట మన దేశపు కంటోన్మెంట్లకి చేరింది. సికింద్రాబాదు కంటోన్మెంటు 1806లో ఏర్పడిందంటారు. అక్కడి ఆఫీసర్ల మెస్‌లో వెండి చెంచాలూ, తెల్లటి బల్లగుడ్డలూ, అంతా మహా దర్జా. కంటోన్మెంటులోంచి కాలేజీ హాస్టళ్ళకి, హాస్టళ్ళలోంచి ఊళ్ళోకి దిగింది మెస్. కలకత్తాలో గుమాస్తాలు కలిసి అద్దెకుండే ఇళ్ళని 'మెస్ బాడీ' అన్నారు. మన వైపు, తమిళనాడు వైపు ఇంటి వంటలాంటి భోజనం పెట్టే చిన్న హోటలుకి మెస్ అన్న పేరు స్థిరపడిపోయింది. ఇవాళ హైదరాబాదులో అమీర్‌పేటా, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోచింగుల కోసం వచ్చిన పిల్లలందరినీ కడుపునిండా బతికిస్తున్నది ఈ మెస్సులే.

మరి చెత్త అర్థం ఎక్కణ్ణుంచి వచ్చింది? అది చాలా ఆలస్యంగా వచ్చింది. మెస్ అంటే గరిటెజారుగా, ముద్దగా ఉండే వంటకం అన్న అర్థం ముందునుంచీ ఉంది. 18వ శతాబ్దంలో దాన్ని చులకనగా వాడటం మొదలైంది. ఏవేవో కలిపేసిన తిండి, పశువులకి పెట్టే కలగలుపు కుడితి లాంటిది అన్న అర్థంలో. 19వ శతాబ్దంలో, 1830ల నాటికి, తిండి కూడా జారిపోయి వట్టి 'గందరగోళం' మిగిలింది. ఆ తర్వాతే ఇంట్లో సామాన్లు చిందరవందరగా ఉండటం, మురికి, చిరాకు. అంటే లెక్కేసి చూడండి. సుమారు అయిదొందల ఏళ్ళు ఈ మాట భోజనమే. చెత్త అయి రెండొందల ఏళ్ళే.

ఇక్కడ నా అనుమానం ఒకటి చెబుతాను. వండేవాళ్ళు తాము వండినదాన్ని 'కలగలుపు' అని ఎన్నడూ అనుకోరు. ఏది ముందు వేశామో, ఏది తర్వాత వేశామో, ఉప్పెంతో, పులుపెంతో వాళ్ళకి తెలుసు. గిన్నెలోకి తొంగి చూసేవాళ్ళకే అది గందరగోళంగా కనబడుతుంది. ఇంగ్లీషులో గందరగోళానికున్న పేర్లు చూడండి. 'హాచ్‌పాచ్' అంటే అసలు అర్థం మాంసమూ కూరలూ కలిపి ఉడికించిన పులుసు. 'హాష్' అంటే సన్నగా తరిగి చేసిన కూర. పని పాడుచేస్తే 'హాష్ చేశాడు' అంటారు. ఇరకాటంలో పడితే 'పికిల్‌లో పడ్డాడు' అంటారు, అంటే ఊరగాయలో! ఇన్ని పేర్లు వంటింట్లోంచే ఎందుకెళ్ళాయి? వాటిని పెట్టినవాళ్ళు గరిటె పట్టినవాళ్ళు కాదనే నా ఉద్దేశం.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 'కలగూరగంప' అంటే నాలుగు రకాల ఆకుకూరలున్న గంప. శుభ్రమైన గంప. ఇప్పుడు పొంతన లేని పుస్తకాన్ని, పొంతన లేని ప్రభుత్వాన్ని అలా అంటున్నాం. 'కూడు' అంటే అచ్చమైన తెలుగులో అన్నం. కొన్ని పల్లెల్లో ఇప్పటికీ ఆప్యాయంగానే అంటారు కానీ, పట్నంలో ఎవరినైనా 'కూడు తిన్నారా' అని అడిగి చూడండి, మళ్ళీ మీ గడప తొక్కరు. 'కంపు' అంటే ఒకప్పుడు సువాసన కూడా. కన్నడం వాళ్ళకి ఈనాటికీ అది పరిమళమే. మన దగ్గర దాని గతి ఏమైందో చెప్పక్కర్లేదు.

ఆ 'కూడు'లోంచి వచ్చిందే 'పూటకూళ్ళ ఇల్లు'. పూటకింత అని డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టే ఇల్లు. ఇంగ్లీషువాళ్ళ మెస్ రాకముందు మనకున్న మెస్ అదే. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లులోని అలాంటి ఇంటి ప్రస్తావన ఉంది. ఒక్క రూకకి అక్కడ ఏమేం పెట్టేవారో తెలుసా? ఘుమఘుమలాడే సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు రకాల నంజుళ్ళు, గడ్డ పెరుగు. చదువుతుంటేనే నోరూరుతుంది!

అలాంటి ఇల్లు నడిపే ఆడవాళ్ళని మాత్రం లోకం చులకనగానే చూసింది. గురజాడవారి 'కన్యాశుల్కం'లో పూటకూళ్ళమ్మ గుర్తుందిగా. సంతలో సామాను తెమ్మని ఆవిడ ఇచ్చిన ఇరవై రూపాయలనీ గిరీశం వేరేచోట తగలేస్తాడు. ఆవిడ చీపురుకట్ట పట్టుకుని వస్తే చూసి మనమంతా పడీపడీ నవ్వుతాం. నవ్వండి, కాదనను. కానీ ఆ ఇరవై రూపాయలు సంపాదించడానికి ఆవిడ ఎన్ని విస్తళ్ళు ఎత్తి ఉంటుందో ఒక్కసారి లెక్కేసుకుని నవ్వండి.

నాటకంలో మనిషిని అలా ఉంచి, నిజం మనిషి సంగతి చెబుతాను. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తండ్రి పంతులుగారి చిన్నతనంలోనే పోయారు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టారు. ఆ రోజుల్లో మంచి కుటుంబంలోని ఇల్లాలు అలా డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టడం నామర్దా. ఆవిడ లెక్కచెయ్యలేదు. ఆ కొడుకు లండన్ వెళ్ళి బారిస్టరయ్యాడు, 1953లో ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. తన తల్లి చేసిన పనిని ఆయన ఎక్కడా దాచుకోలేదు.

కాబట్టి కృష్ణా జిల్లా సోదరీ, బోర్డు నిక్షేపంగా పెట్టండి. తెలుగక్షరాల్లో పెద్దగా 'మెస్' అని రాయించండి. మీ అమ్మాయి ఇంకా మొహమాటపడితే ఇంకో సంగతి చెప్పండి. ఇంగ్లండులో ఈటన్ అని గొప్ప గొప్ప ఇళ్ళ పిల్లలు చదివే బడి ఉంది. ఆ బడి పేరుతో ఒక మిఠాయి ఉంది. స్ట్రాబెర్రీలు, మీగడ, గుడ్డు తెల్లసొన పంచదారతో గిలక్కొట్టి కరకరలాడేలా కాల్చిన ముక్కలు, అన్నీ కలిపి గాజు గిన్నెల్లో పెడతారు. దాని పేరు 'ఈటన్ మెస్'. ఇంగ్లీషువాళ్ళే ఆ పేరుతో లొట్టలేసుకుంటూ తింటుంటే మనకేమిటి సిగ్గు? బోర్డు కంటే ముందు చూసుకోవలసింది ఒకటుంది. ఇంట్లో వండి అమ్మేవాళ్ళు కూడా 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ పని అమ్మాయికే అప్పజెప్పండి, కంప్యూటర్లో చకచకా చేసిపెడుతుంది.

మీ అమ్మాయి రేపు అమెరికా వెళితే మాత్రం కాస్త జాగ్రత్త. అక్కడ మెస్ అంటే భోజనమనే అర్థం సైన్యంలో తప్ప పెద్దగా మిగల్లేదు. 'నేను రోజూ మెస్‌లో తింటాను' అంటే అవతలివాళ్ళు జాలిగా చూస్తారు. మనవాళ్ళు బోలెడంతమంది ఉండే టెక్సాస్‌లో 'టెక్సాస్‌తో మెస్ చెయ్యకు' అనే నినాదం చొక్కాల మీద, కార్ల మీద కనిపిస్తుంది. 'మా జోలికొస్తే ఖబడ్దార్' అని మీసం మెలేస్తున్నట్టుంటుంది కానీ, అది అసలు మొదలైంది 1986లో, రోడ్ల మీద చెత్త వెయ్యొద్దని అక్కడి హైవేల శాఖ చేసిన ప్రచారంగా!

అన్నట్టు, గందరగోళానికి మనకున్న అసలైన పేరు చెప్పడం మరిచాను. 'కలగాపులగం'. అందులోని పులగం ఏం పాపం చేసిందని? రెండు వంతుల బియ్యానికి ఒక వంతు పెసరపప్పు. పప్పుని దోరగా వేయించి, బియ్యంతో కలిపి కడిగి, కాసిని మిరియాలు, జీలకర్ర, ఉప్పు వేసి, నీళ్ళు చూసుకుని పొయ్యాలి. ఎక్కువైతే జావ, తక్కువైతే పలుకు. దించాక ఓ గరిటెడు నెయ్యి. రాయలసీమ వైపు పొట్టు పెసరపప్పుతో చేసి, శనగకాయల పచ్చడి నంజుకుంటారు. మెతుకుకి మెతుకు, పప్పుకి పప్పు విడివిడిగా కనిపిస్తాయి. ఇందులో కలగాపులగం ఎక్కడుందో, వండినవాళ్ళెవరైనా ఉంటే నాకు రాయండి.